ముక్క టీ

మా మామయ్యకీ నాకూ నాలుగేళ్ళుగా తెగని గొడవ ఒకటి ఉంది. పొలం గట్టు గొడవ కాదు, పెళ్ళి సంబంధం గొడవ అంతకన్నా కాదు. గోల్ఫ్‌లో ఐరన్‌తో కొట్టేటప్పుడు బంతిని టీ మీద పెట్టుకోవాలా, నేల మీదే ఉంచి కొట్టాలా అన్నది.

పల్నాడు వాళ్ళకి గోల్ఫ్ ఏంటి అని నవ్వుతారు, తెలుసు. నవ్వండి. నరసరావుపేట నుంచి మాచర్ల బస్సులో ఎన్నిసార్లు వెళ్ళినా నాకు కనిపించేవి పత్తి చేలు, మిరప తోటలు, పిడుగురాళ్ళ దగ్గర సున్నం బట్టీల పొగ, గురజాల దాటాక నాపరాళ్ళ బీళ్ళు. గోల్ఫ్ కోర్సు అయితే నేను ఎక్కడా చూళ్ళేదు. తెలుగు నేల మీద గోల్ఫ్ అంటే హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కన నయాఖిలా దగ్గర ఒకటి, గచ్చిబౌలిలో బౌల్డర్ హిల్స్, విశాఖలో ఈస్ట్ పాయింట్, ఇంకా కొన్ని. మామయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, పదహారేళ్ళకే హైదరాబాద్ వెళ్ళిపోయి ఒక క్లబ్బులో క్యాడీగా చేరాడు. మధ్యలో ఒకసారి క్లబ్బు మారాడు. పేర్లు రాయొద్దన్నాడు, రాయను.

క్యాడీ అంటే బ్యాగు మోసేవాడు అని ఒక్క ముక్కలో చెప్పేస్తే మామయ్యకి కోపం వస్తుంది. మోయడం నిజమే, పన్నెండు పదిహేను కిలోల బ్యాగు, ఎండలో ఆరేడు కిలోమీటర్లు. కానీ గాలి ఎటు ఉంది, ఈ గడ్డి మీద బంతి ఎటు జారుతుంది, ఈ సార్ భుజం ఇవాళ ఎట్టా తిరుగుతోంది, ఇవన్నీ చూసి ఏ కర్ర చేతికివ్వాలో చెప్పేది కూడా క్యాడీనే. ఒక ఆటగాడు పద్నాలుగు కర్రల దాకా పెట్టుకోవచ్చు. వాటిలో ఏది అనేది సగం ఆట.

నాకు గోల్ఫ్ తగులుకున్నది 2021 ఆగస్టు 7న. తేదీ ఎందుకు గుర్తుందంటే, ఆ సాయంత్రమే నీరజ్ చోప్రా టోక్యోలో బల్లెం విసిరి బంగారు పతకం తెచ్చాడు. అందరికీ సాయంత్రం గుర్తుంది, నాకు పొద్దున గుర్తుంది. అదితి అశోక్ అనే బెంగళూరు అమ్మాయి ఒలింపిక్ గోల్ఫ్ ఆఖరి రౌండ్‌లో పతకం కోసం ఆడుతోంది. దేశం మొత్తం పొద్దున్నే లేచి బర్డీ అంటే ఏంటి, బోగీ అంటే ఏంటి అని ఫోన్లో వెతుక్కుంటోంది. మా ఇంట్లో ఆ అవసరం రాలేదు. కరోనా రెండో వేవ్‌లో ఊరికి వచ్చేసిన మామయ్య ఇంకా తిరిగి వెళ్ళలేదు. టీవీ ముందు పీట మీద కూర్చుని ప్రతి షాట్‌కీ ముందే చెప్పేస్తున్నాడు, ఇది కుడికి పోద్ది, ఇది ఆగద్ది అని. ఒకే ఒక్క స్ట్రోక్ తేడాతో ఆమె నాలుగో స్థానంలో ఆగిపోయింది. మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత లేచి, అటక మీద గోనెసంచిలో చుట్టిపెట్టిన కర్ర ఒకటి దించాడు. ఎవరో సార్ పారేయమంటే తెచ్చుకున్న ఏడో నంబరు ఐరన్.

ఐరన్ అంటే మన బట్టలిస్త్రీ పెట్టె కాదు. ఇనప తల పల్చగా, వాలుగా ఉండే కర్ర. నంబరు పెరిగే కొద్దీ వాలు పెరుగుతుంది, బంతి ఎక్కువ ఎత్తుకి లేచి తక్కువ దూరం పోతుంది. ఏడో నంబరు మధ్యస్థం. ఇక టీ అంటే గ్లాసులో పోసిచ్చేది కాదు. చెక్కదో ప్లాస్టిక్‌దో మేకు లాంటిది, తల దగ్గర చిన్న గిన్నెలా గుంట ఉంటుంది. నేలలో గుచ్చి పైన బంతి పెడతారు. నాలుగు అంగుళాలకి మించి పొడవుండకూడదని రూల్.

రూల్స్‌లో ఇంకోటి ఉంది, మా గొడవంతా దాని మీదే. ప్రతి హోల్‌లో మొదలుపెట్టే చోటు ఒకటి గీసి ఉంటుంది. అక్కడి నుంచి కొట్టేటప్పుడు మాత్రమే టీ వాడుకోవచ్చు. ఆ తర్వాత బంతి ఎక్కడ పడితే అక్కడే, ఎలా ఉంటే అలాగే కొట్టాలి. గడ్డి దుబ్బులో పడినా, ఇసకలో పడినా, ఎవడో తవ్వి వదిలేసిన గుంటలో పడినా సరే. పొడవైన హోల్స్‌లో మొదటి దెబ్బ డ్రైవర్ అనే పెద్ద తల కర్రతో కొడతారు, దానికి టీ పెట్టాలా వద్దా అని ఎవరూ కొట్టుకోరు. మూడు దెబ్బల్లో అయిపోవాల్సిన పొట్టి హోల్స్‌లోనే మొదటి దెబ్బ ఐరన్‌తో కొట్టాల్సి వస్తుంది. అప్పుడొస్తుంది ప్రశ్న. టీ పెట్టుకోమని రూల్ బలవంతం చేయదు, పెట్టుకోవద్దనీ అనదు.

నేను పెట్టుకోవాలంటాను. మామయ్య వద్దంటాడు.

మామయ్య నాకు నేర్పింది సాగర్ కుడి కాలువ కట్ట పక్కన బీడులో. మన నేల సంగతి తెలిసిందేగా, జానెడు మట్టి తీస్తే నాపరాయి తగుల్తుంది. రెంటచింతల ఎండలకి ఆ జానెడు మట్టి కూడా రాయిలాగే అయిపోతుంది. అక్కడ ఐరన్ కాస్త వెనక పడిందంటే మోచేతి దాకా జివ్వుమంటుంది. మొదటి వారం రాత్రుళ్ళు అన్నం కలుపుకోవడానికి కూడా మణికట్టు తిరగలేదు. అమ్మ తమ్ముణ్ణి తిట్టింది, నన్ను కాదు.

అందరూ మొదట్లో చేసే పని, బంతిని కింద నుంచి ఎత్తాలని చూడటం. ఐరన్ అలా పని చేయదు. కిందకి కొడితేనే బంతి పైకి లేస్తుంది. లేపే పని కర్ర తల వాలు చూసుకుంటుంది, మనం చేయాల్సింది బంతిని ముందు తాకి, ఆ తర్వాత నేలని తాకడం. మంచి ఆటగాళ్ళు కొట్టాక గడ్డి పెళ్ళ లేచేది బంతి ఉన్న చోటుకి ముందు వైపు. ఇది మామయ్య నాకు కర్రా బిళ్ళతో చెప్పాడు. మీ ఊళ్ళో గోడుంబిళ్ళ అంటారో, బిళ్ళంగోడు అంటారో, హాస్టల్లో మా తెలంగాణ వాళ్ళయితే చిర్రగోనె అంటారు. బిళ్ళ మొన మీద కర్రతో కిందకి తడితేనే కదా అది గాల్లోకి ఎగిరేది? ఎత్తాలని చూస్తే దొర్లుకుంటూ పోతుంది. యూట్యూబ్‌లో గ్రాఫులేసి ఇరవై నిమిషాలు చెప్పినదాన్ని ఆయన అర నిమిషంలో చెప్పాడు.

కానీ బిళ్ళకి రెండు మొనలూ చెక్కి ఉంటాయి, కాబట్టి తనే గాల్లోకి లేస్తుంది. బంతికి మొనలు ఎక్కడున్నాయి మామయ్యా, అన్నాను. అక్కడ మొదలైంది.

నా వాదన ఫిజిక్స్. బంతి నేల మీద ఉంటే, ఎంత మంచి గడ్డి అయినా, కర్రకీ బంతికీ మధ్య నాలుగు పరకలు ఇరుక్కుంటాయి. కర్ర ముఖం మీద గీతలుండేది బంతిని పట్టుకుని వెనక్కి తిప్పడానికి. పరకలు అడ్డం పడితే ఆ పట్టు జారుతుంది, స్పిన్ తగ్గుతుంది. స్పిన్ తగ్గిన బంతి గ్రీన్ మీద పడి ఆగకుండా పారిపోతుంది. ఒక్కోసారి అనుకున్నదానికన్నా చాలా దూరం పోతుంది, దాన్ని ఫ్లయర్ అంటారు. టీ మీద ఉంటే మధ్యలో గడ్డి ఉండదు. కర్ర ఒక వెంట్రుక వాసి కిందకి దిగినా క్షమిస్తుంది. టీ వల్ల బంతి ఎక్కువ దూరం పోదు. చాలామంది అదే అనుకుంటారు. అనుకున్నంతే పోతుంది, అంతే దాని లాభం. బీడులో రెండు సాయంత్రాలు అదే పనిగా మార్చి మార్చి కొట్టి చూశా. టీ మీద నుంచి కొట్టినవి తుమ్మచెట్టు చుట్టూ పడ్డాయి, నేల మీద నుంచి కొట్టినవి జిల్లా అంతా పడ్డాయి. ఏరుకురావడానికి పక్కింటి పిల్లోడికి పది రూపాయలు ఇవ్వాల్సొచ్చింది.

ఎత్తు మాత్రం జాగ్రత్త. డ్రైవర్‌కి పెట్టినంత ఎత్తు పెడితే బంతి కర్ర ముఖం పైఅంచుకి తగిలి నీరసంగా పోతుంది. ఐరన్‌కి పావు అంగుళం చాలు, చిటికెన వేలి గోరంత. టీ మొత్తం నేలలోకి దిగిపోయి, గిన్నె మాత్రం గడ్డికి సమానంగా కనిపించాలి. చూసేవాడికి బంతి మంచి గడ్డి మీద కూర్చున్నట్టు ఉండాలి, మేడ మీద ఎక్కినట్టు కాదు.

అంత చిన్న ఎత్తుకి నిండు టీ కూడా అక్కర్లేదు. డ్రైవర్ దెబ్బకి చెక్క టీలు పుటుక్కున విరుగుతుంటాయి. విరిగిన తలలు మొదలుపెట్టే చోట చుట్టూ పడి ఉంటాయి. ఐరన్‌కి అవే సరిపోతాయి. క్యాడీలు వాటిని ఏరి పెట్టుకుంటారు. మామయ్య వాటిని ముక్క టీలంటాడు. ఎడమ జేబులో ఎప్పుడూ గుప్పెడు ఉంటాయి. పొట్టి హోల్ దగ్గర సార్ ఐరన్ తీయగానే, అడక్కముందే ఒక ముక్క టీ ఆయన చేతిలో ఉంటుంది. వెళ్ళిన ప్రతి సార్‌కీ ఇస్తాడు. సంక్రాంతికి ఊరికొచ్చినప్పుడు అమ్మ ఆ ప్యాంటు ఉతకబోతే జేబులోంచి రాలతాయి, ఎరుపువి, పసుపువి, తెల్లవి. చెల్లి వాటితో ముగ్గులో గొబ్బెమ్మల చుట్టూ అలంకారం కూడా చేసింది.

ఇన్ని టీలు పంచే మనిషి, తను కొట్టేటప్పుడు మాత్రం బంతిని నేల మీద పడేసి కొడతాడు. ఇది నాకు చాలా రోజులు అర్థం కాలేదు.

అడిగితే ముందు ఆట తర్కం చెప్పేవాడు. "మొదటి దెబ్బకే కదరా టీ. రెండో దెబ్బకి ఎవడిస్తాడు? దానికి అలవాటు పడ్డావంటే నేల మీద బంతి చూస్తే చెయ్యి ఆడదు." ఇందులో నిజం ఉంది. కాదనను. అందుకే ప్రాక్టీసంతా నేల మీద చెయ్, పోటీలో మాత్రం టీ పెట్టుకో అంటాను. మాకు ల్యాబ్‌లో సార్టింగ్ సొంతంగా రాయమంటారు, అలా రాస్తేనే లోపల ఏం జరుగుతుందో తెలుస్తుంది. ఉద్యోగంలో అది మళ్ళీ సొంతంగా రాసుకుంటూ కూర్చుంటే టీమ్ లీడ్ ఏమంటాడో మా సీనియర్లని అడగండి.

తర్వాత పౌరుషం తర్కం. పల్నాడులో ఏ మాటైనా చివరికి అక్కడికే వస్తుంది. గురజాలలో కోడిపందెం ఓడినందుకు ఏడేళ్ళు రాజ్యం వదిలి పోయిన కథ విని పెరిగిన వాళ్ళం. షరతు అంటే షరతే, సాయం అంటే అలుసు. "మేకు మీద పెట్టి కొడితే ఎవడైనా కొడతాడు, నేల మీద కొట్టి చూపించు" అంటాడు మామయ్య. దానికి నా సమాధానం ఒకటే. ఇక్కడ షరతులోనే టీ ఉంది. షరతు ఇచ్చినదాన్ని వాడుకోవడం అలుసు ఎలా అవుతుంది? జాక్ నిక్లాస్ పద్దెనిమిది మేజర్లు గెలిచాడు, అంతకన్నా ఎక్కువ ఎవరూ గెలవలేదు. ఆయనే టీ పెట్టుకోవచ్చన్న చోటల్లా పెట్టుకోమని చెప్పేవాడు. ఆయనకి లేని నామోషీ మనకెందుకు?

దీనికి మామయ్య లారా డేవిస్ పేరు చెప్పాడు. ఎక్కడ చూశాడో. ఇంగ్లండ్ ఆటగత్తె, నాలుగు మేజర్లు గెలిచింది. ఆమె టీ వాడదు. కర్ర మడమతో నేల మీద ఒక్కటిచ్చి, లేచిన గడ్డి పెళ్ళ మీద బంతి పెట్టి కొడుతుంది. మొదలుపెట్టే చోట నేలని అలా చేసుకోవచ్చు, రూల్ ఒప్పుకుంటుంది. "చూశావా, మేకు లేదు" అన్నాడు. మేకు లేకపోవచ్చు, బంతి ఎత్తు మీదే ఉందిగా మామయ్యా, ఆమెది మట్టి టీ, అన్నాను. కాసేపు ఆలోచించి, కాఫీ తాగుదాం పద అన్నాడు. మాట మార్చాడంటే పాయింట్ తగిలిందని లెక్క.

అసలు కారణం బయటికొచ్చింది రెండేళ్ళ క్రితం, నేను ఇంటర్ రెండో సంవత్సరం రాసి ఖాళీగా ఉన్న ఎండాకాలంలో. కాలువ కట్ట మీద కూర్చున్నాం. నీళ్ళు లేవు, కాలువ అడుగున పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఏదో మాటల్లో చెప్పాడు, పెద్ద విషయం చెప్తున్నట్టు కాకుండా.

వారంలో ఒకరోజు కోర్సుకి సెలవు. ఆ రోజు క్యాడీలని ఆడుకోనిస్తారు. చాలా క్లబ్బుల్లో ఉన్న పద్ధతే. మామయ్య చేరిన కొత్తలో అక్కడ ఒక మాట ఉండేదట. ఆడుకోండి, కానీ మొదలుపెట్టే చోటు ఎక్కొద్దు, అక్కడి గడ్డి పాడవుతుంది, పక్కన కింద నుంచి కొట్టుకోండి అని. ఆ చోటు ఎక్కడమంటే బ్యాగు దించడానికీ, విరిగిన టీలు ఏరడానికీ మాత్రమే. పక్కన కింద అంటే బగ్గీలు తిరిగి తిరిగి గట్టిపడిన మట్టి. అందులో టీ దిగదు కూడా. నీళ్ళ గుంటల్లోంచి తీసుకున్న బంతులు, నలుగురికి ఒక కర్ర. ఏడెనిమిదేళ్ళు అలాగే ఆడారు. తర్వాత కొత్తగా వచ్చినాయన ఎవరో ఆ మాట తీసేశాడు. "అప్పటికి చెయ్యి అట్టా తయారైపోయింది అల్లుడూ. పైకెక్కి టీ గుచ్చితే ఎవురిదో చొక్కా ఏసుకున్నట్టుండేది" అన్నాడు మామయ్య. నవ్వుతూనే అన్నాడు.

నేను నవ్వలేదు. అప్పటిదాకా మామయ్య నేల దెబ్బని నేను స్టయిల్ అనుకున్నా. ఫ్రెండ్స్‌కి వీడియోలు చూపించి, చూడండ్రా, టీ లేకుండా ఎలా కొడతాడో అని గొప్పలు పోయేవాణ్ణి. ఇంటర్నెట్‌లో కూడా ఇలాంటి జనం ఉన్నారు, అసలైన ఆటగాడికి టీ అక్కర్లేదు, నేలే స్వచ్ఛం అనేవాళ్ళు. వాళ్ళలో ఎవరికైనా ఆ చోటు ఎక్కొద్దని ఎవరైనా చెప్పారా? ఎక్కగలిగిన వాడు దిగి నిలబడటం వేరు. మామయ్య చెయ్యి గొప్పదే, గట్టి మట్టి మీద నుంచి బంతిని అంత శుభ్రంగా తీసేవాళ్ళు తక్కువ. కానీ ఆ గొప్పతనం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిశాక, దాన్ని పౌరుషం అని పిలవబుద్ధి కాలేదు నాకు.

హాస్టల్‌కి వచ్చాక టీ గురించి దొరికినవన్నీ చదివా. అసైన్‌మెంట్లకి కూడా అంత చదవలేదు. చెక్క మేకులు వచ్చింది ఈ మధ్యే, సుమారు నూటపాతికేళ్ళ కిందట. అంతకుముందు మొదలుపెట్టే చోట ఒక పెట్టెలో ఇసక, పక్కన నీళ్ళు ఉండేవి. తడి ఇసకని వేళ్ళతో కుప్పలా నొక్కి దాని మీద బంతి పెట్టేవాళ్ళు. ఆ కుప్ప కట్టే పని ఎక్కువగా క్యాడీదే. 1899లో బోస్టన్‌లో జార్జ్ గ్రాంట్ అనే పళ్ళ డాక్టర్ చెక్క టీకి అమెరికా పేటెంట్ తీసుకున్నాడు. నల్లజాతి మనిషి, తల్లిదండ్రులు ఒకప్పుడు బానిసలు, ఈయన హార్వర్డ్‌లో డెంటిస్ట్రీ చదివి అక్కడే పాఠం చెప్పాడు. టీలు చేయించి స్నేహితులకి పంచాడే గానీ అమ్ముకోలేదు. 1920ల్లో న్యూజెర్సీలో విలియం లోవెల్ అనే ఇంకొకాయన రెడ్డీ టీ అని అమ్మాడు. మన రెడ్లకి సంబంధం లేదు, రంగు ఎరుపు కాబట్టి ఆ పేరు. వాల్టర్ హేగెన్ అనే పెద్ద ఆటగాడికి డబ్బిచ్చి వాడించాడు, అప్పుడు జనానికి అలవాటైంది. గ్రాంట్ పేరు చాలాకాలం ఎవరికీ గుర్తులేదు. గోల్ఫ్ రూల్స్ రాసే అమెరికా సంఘం ఆయన్ని గుర్తించింది 1991లో.

ఇదంతా ఫోన్లో మామయ్యకి చెప్పా. లోవెల్ కూడా పళ్ళ డాక్టరే అంటే మామయ్య ఆశ్చర్యపోయాడు.

"ఇద్దరూ పళ్ళ డాక్టర్లేనా?"

"ఇద్దరూ."

"పళ్ళు పీకేవోళ్ళకి మేకుల సంగతి తెలిసే ఉంటదిలే." ఆగి, "ఇసక కుప్పలు క్యాడీలు కట్టేవాళ్ళా?"

"ఎక్కువగా వాళ్ళే అంట."

"అంటే అప్పుడు కూడా పెట్టేది మనోళ్ళే" అన్నాడు.

ఈ వ్యాసం నేను ఫోన్ కీబోర్డులో ఇంగ్లీష్ అక్షరాలు కొట్టి తెలుగు చేయించుకుంటూ రాస్తున్నా. నర్సరీ నుంచి ఇంగ్లీష్ మీడియం, తెలుగు టైపింగ్ ఎవరూ నేర్పలేదు. క్లబ్బులో ఒకరిద్దరు, అలా రాస్తే అది తెలుగు రాసినట్టు కాదు అంటారు. నాకు ఆ మాట వినగానే బీడులో నిలబడిన మామయ్య గుర్తొస్తాడు. నా తెలుగు మాత్రం నాదే, చదివి చెప్పండి.

ఇక ఇప్పటి సంగతి. వచ్చే నెల మామయ్య క్లబ్బులో క్యాడీల పోటీ ఉంది, ఏటా జరిగేదే. గెలిస్తే మామూలుగా ఒక కప్పు, కొంత డబ్బు. ఈసారి ఒక సభ్యుడు, మొదట వచ్చినవాళ్ళకి కోచ్ సర్టిఫికెట్ కోర్సు ఫీజు తనే కడతానన్నాడట. మామయ్యకి నలభై రెండు. కుడి మోకాలు మెట్లు ఎక్కనివ్వడం లేదు, బ్యాగు ఇంకెన్నాళ్ళు మోస్తాడో ఆయనకీ తెలియదు. కోచ్ అయితే నిలబడి చెప్పొచ్చు, మోయక్కర్లేదు. ఇంట్లో ఈ మాట పైకి ఎవరూ అనడం లేదు. అత్త మాత్రం కోటప్పకొండకి మొక్కుకుంది.

క్యాడీలు పైకి రారని కాదు. ఢిల్లీలో క్యాడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. కోల్‌కతాలో గడ్డి చూసుకునే ఉద్యోగి కొడుకు చౌరాసియా అదే టోర్నీ 2016లో, మళ్ళీ 2017లో గెలిచాడు. ఈ పేర్లు క్యాడీల షెడ్డులో దేవుళ్ళ పేర్లు. మామయ్య అంత దూరం చూడటం లేదు. ఆయనకి కావాల్సింది ఒక ఫీజు.

ఆ కోర్సులో నీళ్ళ మీదుగా కొట్టాల్సిన పొట్టి హోల్ ఒకటి ఉంది. నూటయాభై గజాలు, మామయ్యకి సరిగ్గా ఏడో నంబరు ఐరన్. తక్కువైతే నీళ్ళు, ఎక్కువైతే వెనక ఇసక. ఫ్లయర్ వస్తే ఆట పోయినట్టే. పోయినేడు ఆయన అక్కడ నేల మీద నుంచే కొట్టాడు. బంతి గ్రీన్ మీదే పడింది, రెండు పుట్లలో ముగించాడు. "ఏమైంది నీ ఫిజిక్సు?" అని ఆ రాత్రి ఫోన్ చేసి మరీ అడిగాడు. ఒక్క టెస్ట్ కేస్ పాసైతే కోడ్ కరెక్ట్ అయిపోదు మామయ్యా అన్నా. ఆయనకి అర్థం కాలేదు, నేనూ వివరించలేదు. ఆ పోటీలో మూడో స్థానం వచ్చింది. వేరే హోల్స్‌లో పోయిన దెబ్బలవి, ఈ హోల్‌కి సంబంధం లేదు. కాబట్టి నా దగ్గర రుజువు లేదు. అయినా నా మాట నాదే. పద్దెనిమిది హోల్స్‌లో రూల్ మనకి బంతి చక్కగా పెట్టుకోనిచ్చేది హోల్‌కి ఒక్కసారి. మిగతా అన్నిసార్లూ బంతి ఎక్కడ పడితే అక్కడే కదా. అలాంటి చోట్ల ఇరవై ఆరేళ్ళుగా కొడుతూనే ఉన్నాడు, ఇక ఎవరికి రుజువు చేయాలి?

పోయిన ఆదివారం ఫోన్ చేశాడు. పోటీకి తెలిసిన సార్ ఒకాయన పాత సెట్టు అప్పిస్తున్నాడట, అందులో ఏడో నంబరు లేదట. "అటక మీద ఉన్న ఐరన్ పంపియ్ రా" అన్నాడు. ఊరికెళ్ళి తీసి, గోనెసంచి విప్పి, మళ్ళీ చుట్టి పిడుగురాళ్ళలో ఆర్టీసీ కార్గోలో వేశా. కౌంటర్లో ఆయన సంచిని అటూ ఇటూ తిప్పి చూసి, ఏంటిదన్నాడు. గోల్ఫ్ కర్ర అన్నా. ఒకసారి నా మొహం చూసి, రసీదు మీద 'ఇనప కర్ర 1' అని రాశాడు. చెల్లి ముగ్గుకని దాచుకున్న ముక్క టీలలో మూడు అడిగి తీసుకుని, కర్ర మెడకి రబ్బరుబ్యాండుతో కట్టి పంపా. మూడూ ఎరుపువి.

మర్నాడు మధ్యాహ్నం మామయ్య ఫోన్. అందిందన్నాడు. గ్రిప్ అరిగిపోయింది, ఎంత కొట్టావురా, ఇక్కడ మార్పిస్తాలే అన్నాడు. తల మీద నాపరాయి గీతలు పడ్డాయని తిట్టాడు. టీల మాట ఎత్తలేదు.

"ముక్కలు మూడు కట్టి పంపా, ఉన్నాయా?" అని నేనే అడిగా.

"ఉన్నయ్‌లే. జేబులో ఏశా."

ఏ జేబులో అని అడిగేలోపు వెనక నుంచి ఎవరో సార్ కేకేశాడు. వస్తున్నా సార్ అని పెట్టేశాడు.